రెండు డబ్బాలు



గడచిన రెండు నెలలుగా మీలో చాలామంది ఫోను చేసి ఒకే ప్రశ్న అడుగుతున్నారు. "అయ్యగారూ, మందిరం గుమ్మం దగ్గర రెండు డబ్బాలు పెట్టారంట, ఎందుకు? ఒకటి చాలదా?" అని. ఒకరిద్దరు, "అసలు మందిరంలో ఆటల డబ్బా ఏమిటి?" అని కూడా అడిగారు. ఫోనులో రెండు ముక్కల్లో చెబితే సరిపోయే విషయం కాదు. అందుకే ఈ వారం దీని గురించే రాస్తున్నాను.

తెలియనివారి కోసం ముందు సంగతి చెబుతాను. మన ఊరి వాలీబాల్ జట్టుకు సంక్రాంతి తరువాత గోదావరి జిల్లాలో జరిగే పోటీలకు పిలుపు వచ్చింది. మన కుర్రాళ్ళు శ్రీకాకుళం జిల్లా దాటి ఆడటం ఇదే మొదలు. జట్టులో పన్నెండు మంది. ఎనిమిది మంది మన సంఘపు పిల్లలు, నలుగురు బయటి ఇళ్ళ పిల్లలు. బంతి గాలిలో ఉండగా ఆ లెక్క వాళ్ళు చూసుకోరు, నేనూ చూడను. పలాస నుండి రైలు టిక్కెట్లు, మూడు రోజుల భోజనాలు, ఒక మంచి బంతి, బూట్లు లేని నలుగురికి బూట్లు, అందరికీ కొత్త జెర్సీలు, అన్నీ కలిపితే 21,000 రూపాయలు తేలింది. అంటే తలా 1,750. తల్లి జీడి పరిశ్రమలో కూలికి వెళ్ళే ఇంట్లో, తండ్రి కొబ్బరి దింపే ఇంట్లో ఆ మాట ఎత్తడమే కష్టం.

అప్పుడు కెప్టెన్ కుర్రవాడు ఒక ఆలోచన తెచ్చాడు. బయటి దేశాల్లో క్లబ్బులు టూరు వెళ్ళాలంటే ఊరికే చందా అడగవట. జట్టంతా కలిసి ఇన్ని కిలోమీటర్లు పరుగెత్తుతాము, కిలోమీటరుకు ఇంత ఇస్తామని ముందే మాట ఇవ్వండి అని అడుగుతారట. పరుగు పూర్తయ్యాకే డబ్బు. అందులో కొంత టూరుకు, కొంత ఒక మంచి పనికి. "మనమూ చేద్దామండి, ఇచ్ఛాపురం నుంచి తడ వరకు" అన్నాడు. నిజంగా తడకు వెళ్ళడం కాదు. మనం బడిలో చదువుకున్న ఆంధ్రదేశపు తీరం 974 కిలోమీటర్లు. ఆ దూరాన్ని పన్నెండు మందీ కలిసి, మన ఊరి రోడ్డు మీద, మన ఇసుకలో, ఇరవై ఒక్క రోజుల్లో పూర్తి చేయాలి. మనిషికి 81 కిలోమీటర్లు, రోజుకు నాలుగు కూడా దాటదు. వినగానే నాకు నచ్చింది.

మంచి పని ఏదో వెతుక్కోనక్కరలేదు కదా. మన ఉద్దానంలో ఏ వీధి చూసినా కిడ్నీ జబ్బు తాకని ఇల్లు వెదకాలి. ఎన్నేళ్ళుగా ఎంతమంది శాస్త్రవేత్తలు వచ్చి మన నీళ్ళు, మన మట్టి, మన నెత్తురు పట్టుకెళ్ళినా, ఇదీ కారణమని ఒక్క మాటలో తేల్చలేదు. పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి 2023 డిసెంబరులో ప్రారంభమైంది, దేవునికి స్తోత్రం. డయాలసిస్‌కు ప్రభుత్వ ఆరోగ్య పథకం ఉంది, పింఛను ఉంది. కానీ వారానికి మూడు సార్లు, వెళ్ళిన ప్రతిసారీ యంత్రం మీద నాలుగు గంటలు. రానుపోను ఆటో, తోడు వెళ్ళినవాళ్ళకు పోయిన కూలి, ఇవి ఏ కార్డులోనూ రావు. మన ఊరిలో ఇప్పుడు డయాలసిస్‌కు వెళ్తున్నవారు ముగ్గురు.

సరిగ్గా ఇక్కడే ఒక కుర్రవాడు ఒక మాట అన్నాడు. "అయ్యగారండి, రోగుల పేరు చెబితే ఎక్కువొస్తాదండి. టూరు మాట ఎత్తకపోతే మంచిది. తరువాత మనలో మనం సర్దుకుందాం."

వాడిలో కపటం లేదు. వాడు చూసిన లోకం వాడికి అదే నేర్పింది. నిజం చెప్పుకుందాం, ఆ లోకంలో మనవాళ్ళూ ఉన్నారు. అనాథ పిల్లల ఫొటో చూపించి డబ్బు అడిగి సౌండ్ సిస్టమ్ కొన్న పరిచర్యలు మనకు తెలియనివి కావు. అడిగేటప్పుడు అందరికంటే బీదవాణ్ణి ముందు నిలబెట్టడం, ఖర్చు పెట్టేటప్పుడు అతణ్ణి వెనక్కి నెట్టడం. దీనికి "సర్దుబాటు" అనే పేరు మనం పెట్టుకున్నాం గానీ, ఇచ్చినవాడు దాన్ని ఏ పేరుతో పిలుస్తాడో వాణ్ణే అడగాలి.

ఆ రాత్రి జట్టును కూర్చోబెట్టి రోమా పత్రిక పదిహేనవ అధ్యాయం తీసి చదివించాను. మీరూ ఇప్పుడు బైబిలు తెరవండి. ఆ అధ్యాయం చివర పౌలు తన ప్రయాణాల సంగతి రాస్తాడు. స్పెయిను దేశానికి వెళ్ళాలని ఉంది, దారిలో మిమ్మల్ని చూసి, మీరు సాగనంపితే ముందుకు వెళ్తాను అంటాడు. సాగనంపడం అంటే చెయ్యి ఊపడం కాదని మీకు తెలుసు. ఆ కాలంలో దారి ఖర్చు, తిండి, తోడు, అన్నీ అందులోకి వస్తాయి. అంటే ప్రయాణానికి సాయం కావాలని పౌలు సిగ్గుపడకుండా అడిగాడు. ఆ వెంటనే ఇంకో సంగతి: ప్రస్తుతానికి యెరూషలేముకు వెళ్తున్నాను, అక్కడి పరిశుద్ధులలో బీదలైనవారి కోసం మాసిదోనియ, అకయ సంఘాలవారు చందా వేశారు, దానిని అప్పగించాలి అంటాడు.

చూశారా, ఒకే పేరాలో రెండు అవసరాలు. ఒకటి తన ప్రయాణం, ఒకటి బీదల చందా. రెండూ దాచలేదు, రెండింటినీ కలపలేదు. యెరూషలేము బీదల పేరు చెప్పి స్పెయిను టిక్కెట్టు కొనుక్కోలేదు.

ఆ చందా ఎలా తీసుకెళ్ళాడో కూడా చూడండి. కొరింథీయులకు రాసిన రెండవ పత్రిక ఎనిమిదవ అధ్యాయంలో, ఇంత పెద్ద మొత్తం విషయంలో ఎవరూ మామీద తప్పు మోపకుండా జాగ్రత్తపడుతున్నాం, ప్రభువు దృష్టికి మాత్రమే కాదు, మనుషుల దృష్టికీ యోగ్యంగా ఉండాలి అనే భావంతో రాసి, తీతుతో పాటు సంఘాలు ఏర్పరచిన సహోదరుణ్ణి పంపుతాడు. అపొస్తలుల కార్యములు ఇరవయ్యవ అధ్యాయంలో పౌలుతో ప్రయాణమైనవాళ్ళ పేర్లు ఉన్నాయి. సోపత్రు, అరిస్తర్కు, సెకుందు, గాయియు, తిమోతి, తుకికు, త్రోఫిము. లెక్కపెట్టండి, ఏడుగురు. సరిగ్గా కబడ్డీ జట్టంత! చందా మోయడానికి ఒక్కడు చాలు. కానీ ఒక్కడి చేతిలో ఉన్న లెక్క ఒక్కడికే తెలిసిన లెక్క. నా చేతిలో ఉన్నా అంతే.

ఇంకో మనిషి సంగతి కూడా వాళ్ళకు చెప్పాను. మన జిల్లాకు సువార్త తెచ్చిన వారిలో కెనడా బాప్టిస్టు మిషనరీలు ఉన్నారని పెద్దలు చెప్పగా విన్నారు కదా. ఆ కెనడా దేశపు కుర్రవాడే టెర్రీ ఫాక్స్. పద్దెనిమిదేళ్ళ వయసులో, 1977లో, ఎముక క్యాన్సర్ వచ్చి కుడి కాలు మోకాలి పైదాకా తీసేశారు. 1980 ఏప్రిల్ 12న అట్లాంటిక్ సముద్రంలో ఆ కృత్రిమ కాలు తడిపి, దేశం ఈ చివర నుండి ఆ చివరకు పరుగు మొదలుపెట్టాడు. రోజుకు దాదాపు 42 కిలోమీటర్లు. దేశంలో ప్రతి మనిషి ఒక్క డాలరు క్యాన్సర్ పరిశోధనకు ఇవ్వాలని అతని కోరిక. 143 రోజులు, 5,373 కిలోమీటర్లు పరుగెత్తాక ఊపిరితిత్తుల్లో మళ్ళీ జబ్బు తేలి సెప్టెంబరు 1న ఆగిపోయాడు. మరుసటి సంవత్సరం జూన్‌లో చనిపోయాడు, ఇరవై రెండేళ్ళకు. చనిపోకముందే ఆ నిధి 2 కోట్ల 40 లక్షల డాలర్లు దాటింది. అప్పటి కెనడా జనాభా కూడా దాదాపు అంతే.

ఆ కథలో కన్నీళ్ళు తెప్పించే భాగం అందరూ చెబుతారు. నాకు నచ్చిన భాగం వేరు. బయలుదేరకముందే అతను కంపెనీలకు ఉత్తరాలు రాశాడు. ఫోర్డ్ కంపెనీ వ్యాను ఇచ్చింది, ఒక చమురు కంపెనీ ఇంధనం ఇచ్చింది, అడిడాస్ బూట్లు ఇచ్చింది. దారి ఖర్చు దారి ఖర్చుగానే అడిగాడు. మా సరుకు గురించి నాలుగు మంచి మాటలు చెప్పు అని షరతు పెట్టినవాళ్ళను వద్దన్నాడు. ఈ పరుగు వల్ల ఎవరూ లాభం చేసుకోకూడదని పట్టుబట్టాడు. రోడ్డు మీద జనం చేతిలో పెట్టిన డాలరు క్యాన్సర్ పనికే. రోమా పత్రికను పక్కన పెట్టుకుని చేసినట్టుగా ఉంది కదా!

అందుకే రెండు డబ్బాలు. ఒకదాని మీద "డయాలసిస్ ఆటో", ఇంకోదాని మీద "జట్టు ప్రయాణం" అని కెప్టెన్ చెల్లెలు రంగు పెన్నులతో రాసింది. మాట ఇచ్చేవాళ్ళు ఏ డబ్బాకు ఇస్తున్నారో వాళ్ళే చెప్పాలి. రెండు పుస్తకాలు, రెండు లెక్కలు. దూరాన ఉండి ఫోన్‌పేలో వేసిన మీరు కూడా ఏ డబ్బాకో రాయాలని పట్టుబట్టింది అందుకే. రాయనివాళ్ళకు ఫోను చేసి అడిగాం, కొందరు విసుక్కున్నారు, పరవాలేదు.

ఇక ఆటల మాట. సంఘపెద్దలలో ఒకరు, నేను ఎంతో గౌరవించే మనిషి, శరీర సాధన వల్ల ప్రయోజనం కొంచెమే అని తిమోతికి రాసిన పత్రిక గుర్తుచేశారు. నిజమే, అక్కడ భక్తి గొప్పదని ఉంది. కానీ కొంచెం అంటే సున్నా కాదు గదా. వాలీబాల్ అసలు పుట్టిందే 1895లో, అమెరికాలో, వై.ఎం.సి.ఎ. అనే క్రైస్తవ యువకుల సంఘపు ఆటశాలలో. మద్రాసులో 1920లో వ్యాయామ కళాశాల పెట్టి మన దేశానికి ఆటల గురువులను తయారుచేసింది కూడా ఆ సంఘమే. కొరింథు పక్కనే రెండేళ్ళకొకసారి ఆటల పోటీలు జరిగేవి. గెలిచినవాడికి ఆకుల కిరీటం పెట్టేవారు, నాలుగు రోజుల్లో వాడిపోయేది. ఆ ఊరివాళ్ళకే పౌలు పరుగు పందెం ఉపమానం రాశాడు, అదే పత్రిక చివరి అధ్యాయంలో వారం వారం చందా తీసి పెట్టమనీ రాశాడు.

ఆయనే ఇంకో ప్రశ్న వేశారు, అది బరువైన ప్రశ్న. "మీరు పరుగెత్తితే వాడి కిడ్నీ బాగవుతుందా బాబూ? ఇవ్వాలనుకున్నవాడు ఊరికే ఇవ్వచ్చు గదా, మధ్యలో ఈ పరుగెందుకు?"

కిడ్నీ బాగవదు. దేవుడు మన కిలోమీటర్లు చూసి కరుణించడు కూడా, కృప అలా కొలిచి ఇచ్చేది కాదు. నేను ఆయనకు ఇంగ్లాండు సంగతి ఒకటి చెప్పాను. లీడ్స్ రైనోస్ అనే రగ్బీ లీగ్ జట్టులో రాబ్ బరో అని పొట్టి ఆటగాడు, ఏడో నంబరు జెర్సీ. ఆట మానేశాక 2019 చివరలో అతనికి మోటార్ న్యూరాన్ జబ్బు అని తేలింది. కాళ్ళు, చేతులు, మాట, ఒక్కొక్కటే పోయే జబ్బు. అతని పాత కెప్టెన్ కెవిన్ సిన్‌ఫీల్డ్ మరుసటి డిసెంబరులో ఏడు రోజుల్లో ఏడు మారథాన్లు పరుగెత్తాడు. 77,777 పౌండ్లు వస్తే చాలనుకున్నాడు, పది లక్షల పౌండ్లు దాటి వచ్చింది. 2023లో లీడ్స్‌లో జరిగిన మారథాన్‌లో స్నేహితుణ్ణి చక్రాల కుర్చీలో తోసుకుంటూ వచ్చి, గీత దగ్గర చేతులతో ఎత్తుకుని దాటించాడు. తరువాతి సంవత్సరం జూన్‌లో బరో కన్నుమూశాడు. పరుగు అతణ్ణి బాగుచేయలేదు. కానీ ఆ నాలుగేళ్ళు అతను ఒంటరిగా లేడు. ఊరికే ఇచ్చిన డబ్బుకు ఇచ్చినవాడు మాత్రమే ఏదో వదులుకుంటాడు. ఇక్కడ అడిగినవాడు కూడా తెల్లవారుజామున నిద్ర వదులుకున్నాడు. పెద్దాయన కాసేపు ఊరుకుని, "సరే, కిలోమీటరుకు రూపాయి రాసుకో" అన్నారు. ఏ డబ్బాకో నేను అడిగాను. ఆయన నన్ను ఒక చూపు చూసి, "ఆటో" అన్నారు.

పరుగుకు ముందు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో డాక్టరమ్మగారి దగ్గరకు అందరినీ తీసుకెళ్ళాం. ఇది మీ పిల్లలకు కూడా చెప్పండి, ముఖ్యం. ఎండలో పరుగు వద్దు, సూర్యుడు పైకి రాకముందే ముగించండి అన్నారు. ముందూ తరువాతా నీళ్ళు తాగమన్నారు. కాళ్ళు పీకుతున్నాయని మందుల షాపులో డైక్లోఫెనాక్ లాంటి నొప్పి బిళ్ళలు అడిగి వేసుకోవద్దని గట్టిగా చెప్పారు, అవి కిడ్నీని దెబ్బతీస్తాయి. మన ఊళ్ళో కూలి పని నుండి వచ్చి రోజూ ఒక బిళ్ళ వేసుకునేవాళ్ళు ఎంతమందో మీకు తెలుసు. తరువాత పన్నెండు మందికీ క్రియాటినిన్ పరీక్ష రాశారు. పదకొండు మందికి మామూలుగా ఉంది. ఒకరికి ఉండవలసినదానికంటే కొంచెం ఎక్కువ ఉంది. భయపడొద్దు, ఒక్క పరీక్షతో ఏదీ తేలదు, మూడు నెలల తరువాత మళ్ళీ చూద్దాం, అంతవరకు పరుగు వద్దు, నడవొచ్చు అన్నారు.

ఆ కుర్రవాడు బయటికి వచ్చి ఏమీ మాట్లాడలేదు. వాళ్ళ ఇంట్లో తాతగారు ఆ జబ్బుతోనే పోయారు. మర్నాడు తెల్లవారుజామున నాలుగున్నరకు అందరికంటే ముందు వాడే మందిరం దగ్గరకు వచ్చి, "లెక్క నేను రాస్తానండి" అన్నాడు. రెండు పుస్తకాలూ ఆ రోజు నుండి వాడివే. రోజూ నాలుగు కిలోమీటర్లు నడిచాడు కూడా. పరుగెత్తినవాళ్ళు దూరం కొంచెం పెంచి చెప్పబోతే ఒప్పుకునేవాడు కాదు. "మూడున్నరే" అని రాసేవాడు. కెప్టెన్‌ను కూడా వదలలేదు.

మందిరం గోడ మీద నల్లబల్ల పెట్టి ఏ ఊరు చేరామో రాసేవాళ్ళం. భీమిలి, తుని, కాకినాడ, మచిలీపట్నం. పిల్లలు బడికి వెళ్తూ చదివేవారు. నీళ్ళకు వెళ్ళే ఆడవాళ్ళు, "ఈరోజెక్కడి దాకా ఎల్లారు?" అని అడిగేవారు. మధ్యలో రెండు రోజులు వాన పడి వెనకబడ్డాం. ఆఖరి రోజున తడ చేరేసరికి చీకటి పడింది. ఆడపిల్లలు వచ్చి, వచ్చే ఏడు మా త్రోబాల్ జట్టుకు ఏ దూరం ఇస్తారని అడిగారు, ఆ లెక్క ఇప్పుడు వాళ్ళే వేస్తున్నారు.

ఆ ఆదివారం ఆరాధన అయ్యాక జరిగిన ఒక్క సంగతి చెబుతాను. డయాలసిస్‌కు వెళ్తున్న ముగ్గురిలో ఒక మామయ్య కర్ర పట్టుకుని గుమ్మం దగ్గరకు వచ్చారు. జేబులో నుండి యాభై రూపాయల నోటు తీశారు. లెక్క రాసే కుర్రవాడు అలవాటుగా ఆటో డబ్బా ముందుకు జరిపాడు. ఆయన నవ్వి, "అది నాదే గదరా. నా డబ్బులు నాను నాకే ఏసుకుంతానేటి?" అని ప్రయాణం డబ్బాలో వేశారు. "కుర్రప్పుడు నానూ ఆడీవోణ్ణి. సోంపేట దాటి ఎల్లలేదు. మీరెల్లండి" అన్నారు.

ఒకే డబ్బా పెట్టి ఉంటే ఆ మనిషికి ఇవ్వడానికి చోటు ఉండేది కాదు. తీసుకునేవాడిగానే మిగిలిపోయేవారు. నేను రెండు డబ్బాలు పెట్టింది లెక్క శుభ్రంగా ఉండాలని. ఇది నా తలంపుకు రానిది.

ఇక లెక్క. ఆటో డబ్బాకు మాట ఇచ్చినవన్నీ కలిపి కిలోమీటరుకు 27 రూపాయలు, ప్రయాణం డబ్బాకు 16. అంటే ఆటోకు 26,298, ప్రయాణానికి 15,584. మామయ్యగారి యాభైతో 15,634. మాట ఇచ్చి ఎగ్గొట్టినవాళ్ళు ఒక్కరూ లేరు, దేవునికి స్తోత్రం. టూరు మాట దాచి ఉంటే ఎక్కువ వచ్చేదా? వచ్చేదేమో. ప్రయాణానికి తక్కువపడిన మాట నిజం. ఆటో డబ్బాలో నుండి అప్పుగా తీసుకుని తరువాత కడదామని జట్టులో ఎవరూ అనలేదు, అది నాకు సంతోషం. కెప్టెన్ కొత్త జెర్సీలకని రాసిన 5,400 కొట్టేశాడు. మిగిలిన ఖర్చు 15,600. పాత జెర్సీలతో వెళ్ళారు, రెండు జెర్సీల మీద ఒకే నంబరు ఉంటే ఒకదాని మీద టేపు అంటించారు. తిరిగి వచ్చేసరికి పుస్తకంలో 34 రూపాయలు మిగులు. ఆటలో మొదటి పోటీ గెలిచారు, రెండోది ఓడిపోయారు. గోదావరి వంతెన మీద రైలు వెళ్తుంటే పన్నెండు మందీ కిటికీల దగ్గరే ఉన్నారు.

ఆటో డబ్బులు ఎవరి చేతికీ నగదుగా ఇవ్వడం లేదు. ముగ్గురిదీ ఒకే రోజు, ఒకే వేళ కనుక ఒకే ఆటోలో వెళ్తున్నారు. ట్రిప్పుకు 600. వెళ్ళి వచ్చాక డ్రైవరు పుస్తకంలో సంతకం పెట్టి తీసుకుంటాడు. ఇలా 43 ట్రిప్పులు, అంటే సుమారు పద్నాలుగు వారాలు. ఏప్రిల్ చివరికి అయిపోతుంది. ఆ తరువాత ఏమి చేయాలో ఇంకా తేల్చుకోలేదు. మీకు ఏదైనా ఆలోచన ఉంటే నాకు రాయండి.

రెండు పుస్తకాలూ మందిరంలో బల్ల మీదే ఉన్నాయి, సంఘస్థులే కాదు, ఎవరైనా వచ్చి చూడవచ్చు. దూరాన ఉన్నవారికి పేజీల ఫొటోలు వాట్సాప్‌లో పంపుతాను. ఆ పుస్తకాలు రాసిన కుర్రవాడికి రెండో పరీక్ష వచ్చే మంగళవారం. పేరు ఇక్కడ రాయను, ప్రభువుకు తెలుసు. ఆ ఉదయం మీ ప్రార్థనలో అతణ్ణి, అతని తల్లిని జ్ఞాపకం చేసుకోండి.

ప్రభువు సేవలో,
మీ పాస్టరు